కొటేషన్ కాగితం కింది సగం

ప్రశ్న:

మాది తెనాలి. ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌గా పనిచేస్తున్నాను. మావారి ఉద్యోగం చెన్నైలో, నెలకోసారి వచ్చిపోతారు. పిల్లలిద్దరు, అత్తగారు, నేను. అత్తగారిని నెలకి రెండుసార్లు గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అందుకే చిన్న పెట్రోల్ కారు ఒకటి కొందామనుకున్నాం. మా ఇంట్లో ఇదే మొదటి కారు. పోయిన వారం, అంటే నవంబర్ మొదట్లో, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని షోరూమ్‌కి వెళ్ళాను. వాళ్ళు రాసిచ్చిన కొటేషన్ ఇది: ఎక్స్-షోరూమ్ 7,20,000, లైఫ్ ట్యాక్స్ 1,00,800, ఇన్సూరెన్స్ 44,800, రిజిస్ట్రేషన్ చార్జీలు 9,500, హ్యాండ్లింగ్ 8,500, యాక్సెసరీ కిట్ 24,900, ఎక్స్‌టెండెడ్ వారంటీ 13,200, టెఫ్లాన్ కోటింగ్, అండర్‌బాడీ కోటింగ్ కలిపి 9,800, ఫాస్టాగ్ 600. మొత్తం 9,32,100. అందులో 15,000 డిస్కౌంట్ పోను 9,17,100. జీఎస్టీ తగ్గింపు 67,000, మా డిస్కౌంట్ 15,000, కలిపి మీకు 82,000 తగ్గించాం మేడమ్, ఇంకేం మిగల్లేదు అన్నారు.

నా దగ్గర చీటీ పాడిన డబ్బు రెండున్నర లక్షలుంది. ఆరు లక్షలు లోన్ అనుకున్నాం. నా జీతం పడే బ్యాంకులో అడిగితే 9 శాతం అన్నారు. షోరూమ్ వాళ్ళు 6 శాతానికే ఇప్పిస్తామంటున్నారు, తక్కువపడే 67,000 కూడా లోన్లో కలిపేస్తాం, నెలకి వెయ్యిన్నర తేడా అంతే అంటున్నారు. నాకు బేరమాడటం రాదు. చీరల కొట్లో కూడా చెప్పిన ధర ఇచ్చి వచ్చే మనిషిని. పైగా ఆ అబ్బాయి మాట్లాడినంతసేపూ మా తమ్ముడి వైపే చూస్తూ మాట్లాడాడు. ఇంకెంత తగ్గించమని అడగొచ్చు? ఎలా అడగాలి?

సమాధానం:

టీచర్ గారూ, మీకు బేరం రాదన్న మాట నేను ఒప్పుకోను. కొటేషన్‌లో ఒక్క అంకె వదలకుండా రాసి పంపారు. షోరూమ్ నుంచి బయటికొచ్చిన పదిమందిలో ఎనిమిదిమందికి గుర్తుండేవి రెండే: ఆన్‌రోడ్ ఎంత, ఈఎంఐ ఎంత. సగం బేరం మీరు ఇక్కడే చేసేశారు. మిగతా సగం నేను చెబుతాను.

నేను ఈ శీర్షిక రాయడానికి ముందు కొన్నేళ్ళు ఒక షోరూమ్‌లో బిల్లింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాను. కొటేషన్లు నా చేతుల మీదుగానే వెళ్ళేవి. కస్టమరు "ఇంకో ఐదు వేలు తగ్గించండి" అంటే సేల్స్ కుర్రాడు మొహం బాధగా పెట్టి, "ఒక్క నిమిషం మేడమ్, మేనేజర్ గారిని అడిగొస్తా" అని లోపలికొచ్చేవాడు. వచ్చేది మేనేజర్ దగ్గరికి కాదు, నా టేబుల్ దగ్గరికి. "స్కోరెంత అన్నా?" అని అడిగి, నా గ్లాసులో టీ సగం తాగి, ఏడెనిమిది నిమిషాలు గడిపి, జుట్టు కాస్త చెరుపుకుని మరీ వెళ్ళేవాడు. "చాలా కష్టపడి ఒప్పించాను మేడమ్, మూడు వేలు ఇచ్చారు" అనేవాడు. ఆ మూడు వేలు పొద్దున్నే అనుకున్నవి. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. జీతం అంతంతమాత్రం, నెలాఖరు టార్గెట్ నెత్తిన కత్తిలా ఉంటుంది. ఆ టార్గెట్‌లో కార్లే కాదు, ఎన్ని ఇన్సూరెన్సులు చేయించాడు, ఎన్ని లోన్లు ఇప్పించాడు, ఎన్ని వేల యాక్సెసరీలు అమ్మాడు అన్నవీ ఉంటాయి. అది గుర్తుంటే మీ చేతిలోని కాగితం మరోలా కనిపిస్తుంది.

ఎక్స్-షోరూమ్, అంటే లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలపకముందు కారు ధర, కంపెనీ పెట్టేది. కారు మీద డీలరుకి మిగిలేది మనం ఊహించుకున్నంత ఉండదు. లైఫ్ ట్యాక్స్ ప్రభుత్వానిది. ఐదు లక్షలు దాటి పది లక్షల లోపు కారుకి మీ కొటేషన్‌లో వేసినట్టే 14 శాతం, లెక్క సరిగ్గానే ఉంది. (ట్యాక్సులు, సెస్సులు ప్రభుత్వం మారుస్తూనే ఉంటుంది, కట్టే రోజున రవాణా శాఖ సైట్లో ఒకసారి చూసుకోండి.) అంటే ఆ కాగితంలో పై రెండు లైన్ల మీద ఎంత పోట్లాడినా రాలేది కొంచెమే. అందరూ పోట్లాడేది మాత్రం అక్కడే. డబ్బంతా కింది లైన్లలో ఉంది, మీరు గీత గీయాల్సింది కూడా అక్కడే.

ముందు ఆ 82,000 సంగతి తేల్చేద్దాం. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజన్ ఉన్న పెట్రోల్ కార్ల మీద పన్ను, సెస్సుతో కలిపి 29 శాతం ఉన్నది 18 శాతానికి తగ్గింది. మీరు చూసిన కారుకి లెక్క వేస్తే పాత ధర 7,87,000 దగ్గర ఉండేది, ఇప్పుడు 7,20,000. ఆ 67,000 తగ్గించింది ప్రభుత్వం. షోరూమ్ వాళ్ళు పైసా తగ్గించలేదు. ఆ తగ్గింపు మీ వీధిలో కారు కొన్న ప్రతివాళ్ళకీ వస్తుంది. కాబట్టి "82,000 తగ్గించాం" అంటే, "అవును, జీఎస్టీ తగ్గింది, మంచిదే. మీరు తగ్గించింది 15,000. ఇప్పుడు దాని సంగతి మాట్లాడదాం" అనండి. గొంతు పెంచక్కర్లేదు. క్లాసులో హోంవర్కు చేయని పిల్లాడితో మాట్లాడే గొంతు చాలు.

ఇక కింది లైన్లు.

హ్యాండ్లింగ్ చార్జీ 8,500. ఇది ఏ పన్నూ కాదు, ఏ ప్రభుత్వమూ వేసింది కాదు. కారుని గోడౌన్ నుంచి షోరూమ్‌కి తెచ్చి, కడిగి, మీకు ఇవ్వడానికి అట. కారు అమ్మేవాడు కారు చూపించడానికి డబ్బు అడగటం, కూరగాయల బండివాడు తట్ట మోసినందుకు వేరే అడిగినట్టు. "ఇది ఏ రూల్ ప్రకారమో రాసివ్వండి, కట్టేస్తా" అనండి. రాసివ్వరు. ఆ లైను మాయమైపోతుంది. దీని మీద పెద్ద యుద్ధం జరగడం నేనెప్పుడూ చూడలేదు, అడిగినవాళ్ళకి తీసేస్తారు, అడగనివాళ్ళు కడతారు.

రిజిస్ట్రేషన్ 9,500. సొంత కారు రిజిస్ట్రేషన్‌కి కేంద్రం పెట్టిన ఫీజు 600. లోన్ ఉంది కాబట్టి ఆర్‌సీలో బ్యాంకు పేరు ఎక్కించడానికి 1,500. స్మార్ట్ కార్డుకి 200. దాని మీద రాష్ట్రం వేసే సర్వీసు చార్జీ, పోస్టు ఖర్చు వగైరా చిల్లర. ఎంత ధారాళంగా లెక్కేసినా మూడు వేల దగ్గర ఆగాలి. మిగతా ఆరున్నర వేలు "మా మనిషి ఆఫీసుకి తిరగాలి కదా మేడమ్" అన్న మాటకి. తిరిగినందుకు ఐదొందలు ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, నేను కాదనను. ఆరున్నర వేలు మాత్రం వద్దు. ఏ ఫీజు ఎంతో విడివిడిగా రాయమనండి, రసీదులు ఇమ్మనండి.

ఇన్సూరెన్స్ దగ్గర కాస్త ఆగుదాం. డబ్బు ఎక్కువ పోయేది ఇక్కడే, అమాయకంగా మోసపోయేదీ ఇక్కడే, అదీ రెండు వైపులా. కొత్త కారుకి మూడేళ్ళ థర్డ్ పార్టీ, అంటే మీ కారు వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి బీమా, తప్పనిసరి. వెయ్యి నుంచి 1500 సీసీ లోపు కారుకి ఆ మూడేళ్ళ ప్రీమియం 10,640, పైన జీఎస్టీ. ఇది ఏ కంపెనీలో తీసుకున్నా ఒకటే. తేడా వచ్చేదంతా మీ కారుకి జరిగే నష్టానికి చేసే పాలసీలో, దానికి తగిలించే యాడాన్లలో, అంటే అదనపు రక్షణల్లో. షోరూమ్‌లోనే చేయించాలని ఏ చట్టమూ లేదు, బయట చేయించుకునే హక్కు మీకుంది. ఇది ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ నిబంధనల్లోనే ఉంది. "బయట చేయిస్తే క్యాష్‌లెస్ రాదు మేడమ్" అంటారు. క్యాష్‌లెస్ అంటే రిపేరు డబ్బు ఇన్సూరెన్స్ కంపెనీయే నేరుగా వర్క్‌షాపుకి కట్టడం, అది ఆ ఇద్దరి మధ్య ఒప్పందం. మీరు ఎంచుకునే కంపెనీకి ఆ వర్క్‌షాపుతో ఒప్పందం ఉందో లేదో ఆ కంపెనీకే ఫోన్ చేసి కనుక్కోండి, రెండు నిమిషాల పని.

అయితే బయట వెతికేటప్పుడు కూడా కళ్ళు తెరుచుకోవాలి. ఎవరో ఏజెంటు 24,000కే ఇస్తానంటాడు. చూస్తే ఐడీవీ, అంటే కారు పూర్తిగా పోతే మీకు వచ్చే మొత్తం, ఆరు లక్షలు వేసి ఉంటుంది. కొత్త కారుకి ఎక్స్-షోరూమ్ ధరలో 5 శాతం తీసేసి ఐడీవీ కడతారు. మీ కారుకి అది 6,84,000. రెండు కొటేషన్లు పక్కపక్కన పెట్టేటప్పుడు ఈ అంకె రెండింట్లో ఒకటే ఉండాలి, యాడాన్లూ ఒకటే ఉండాలి. అప్పుడే పోలిక. యాడాన్లలో మీకు జీరో డిప్రిసియేషన్ ఒక్కటి వదలొద్దు. మన జనం బంపర్ టు బంపర్ అంటారే, అదే. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి సగం డబ్బే వస్తుంది. కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్ళు ముందు గీసుకునేది బంపరే, బంపరు ప్లాస్టిక్. మా ఆవిడ మొదటి నెలలోనే మా ఇంటి గేటుని రెండుసార్లు పలకరించింది, అనుభవంతో చెబుతున్నాను. టైర్ ప్రొటెక్ట్, కీ ప్రొటెక్ట్ లాంటివి మీ ఇష్టం. నేనైతే తీసుకోను. వ్యక్తిగత ప్రమాద బీమా మీకు ఇదివరకే 15 లక్షలకి ఉంటే మళ్ళీ కారుతో కట్టక్కర్లేదు.

ఇలా అన్నీ సమంగా పెట్టి చూస్తే మీ కారుకి 31, 32 వేలలో దొరుకుతుందని నా అంచనా. ఆ బయటి కొటేషన్ ఫోన్‌లో తీసుకుని షోరూమ్‌కి వెళ్ళండి. "ఇదే పాలసీ ఈ ధరకి మీరిస్తే మీ దగ్గరే చేయిస్తాను" అనండి. పదిసార్లకి ఏడుసార్లు ఇచ్చేస్తారు. వాళ్ళకి కమీషన్ తగ్గినా లెక్కలో ఒక పాలసీ పడుతుంది. రేపు చిన్న దెబ్బ తగిలినప్పుడు వాళ్ళే క్లెయిమ్ చూసుకుంటారు కాబట్టి మీకూ సుఖమే.

యాక్సెసరీ కిట్ 24,900. సీటు కవర్లు, మ్యాట్లు, మడ్ ఫ్లాప్స్, సైడ్ బీడింగ్, స్టీరింగ్ కవరు, ఒక పెర్ఫ్యూమ్ సీసా, ఒక చిన్న వినాయకుడు. ఆ వినాయకుడికి కూడా ధర వేసిన కాగితం నేను స్వయంగా ప్రింట్ తీశాను. కిట్ మొత్తం కొట్టేయమనండి. "ఇది కంపల్సరీ మేడమ్, సిస్టమ్‌లో కిట్ లేకుండా బిల్లు రాదు" అంటారు. వస్తుంది. నేను తీశాను కదా. కావలసినవి తర్వాత విజయవాడ ఆటోనగర్‌లోనో, తెనాలిలో మీకు తెలిసిన కొట్లోనో వేయించుకోండి, సగం ధరకి వస్తాయి. ఒక్క జాగ్రత్త. మీ కారు సీట్ల పక్కన ఎయిర్‌బ్యాగులు ఉంటే, మామూలు సీటు కవరు వాటికి అడ్డమొస్తుంది. పక్క భాగం కుట్టు విడిచిపెట్టే, ఎయిర్‌బ్యాగు కార్లకని చేసిన కవరే అడగండి, లేదంటే కవరే వద్దు.

టెఫ్లాన్, అండర్‌బాడీ 9,800. ఎండలో, ఉప్పుగాలిలో పగలూ రాత్రీ నిలబెట్టే కారైతే ఆలోచించొచ్చు. తెనాలిలో ఇంటి గేటులోపల పెట్టుకునే కారుకి నెలకో రెండుసార్లు మంచినీళ్ళతో కడగడం చాలు. కొట్టేయండి.

ఎక్స్‌టెండెడ్ వారంటీ ఒక్కటి మాత్రం నేను ఉంచమంటాను. ఇప్పటి కార్లలో ఎలక్ట్రానిక్స్ ఎక్కువ, ఒక కంట్రోల్ యూనిట్ పోతే ఈ 13,200 ఒక్కసారికే తిరిగొస్తుంది. మీరు కారు ఏడెనిమిదేళ్ళు వాడే మనిషిలా కనిపిస్తున్నారు కాబట్టి ఇంకా అవసరం. అయితే ఇది ఈ రోజే కట్టాలని లేదు, మామూలు వారంటీ అయిపోయేలోపు తీసుకోవచ్చు, ఆలస్యమైతే ధర కొంచెం పెరుగుతుంది. చేతిలో డబ్బు బిగుతుగా ఉంటే దీన్నే వెనక్కి జరపండి. ఫాస్టాగ్ కొత్త కారుకి తప్పదు, 600 అంటే అందులో మీ బాలెన్స్ ఎంతో అడగండి.

ఇప్పుడు కూడి చూద్దాం. కారు 7,20,000, ట్యాక్స్ 1,00,800, ఇన్సూరెన్స్ 31,500, రిజిస్ట్రేషన్ 3,000, వారంటీ 13,200, ఫాస్టాగ్ 600. మొత్తం 8,69,100. వాళ్ళిచ్చిన 15,000 తీసేస్తే 8,54,100. మీ కాగితంలో ఉన్న 9,17,100కీ దీనికీ తేడా సరిగ్గా 63,000. కారు ధరలో ఒక్క రూపాయి కూడా తగ్గించమనకుండానే.

మీ ఆరు లక్షల లోన్, రెండున్నర లక్షల చీటీ డబ్బు కలిపితే 8,50,000. ఇంకో నాలుగు వేలు తక్కువ. అంటే మీరు మొదట వేసుకున్న లెక్క సరైనదే! తక్కువపడ్డ 67,000 అనేది మీ డబ్బులోని లోటు కాదు, ఆ కింది లైన్లు పుట్టించిన లోటు. దాన్నే మళ్ళీ లోన్లో కలుపుతామంటున్నారు. నెలకి 1,450 చొప్పున ఐదేళ్ళు కడితే 87,000. మ్యాట్లకీ, పాలిష్‌కీ, గుమాస్తా తిరుగుడుకీ ఐదేళ్ళు వడ్డీ కట్టినట్టు.

ఇక ఆ 6 శాతం. అది ఫ్లాట్ రేటు. ఆరు లక్షల మీద ఏడాదికి 36,000 చొప్పున ఐదేళ్ళకి లక్షా ఎనభై వేల వడ్డీ, మీరు అసలు తీరుస్తున్నా సరే వడ్డీ మాత్రం మొదటి రోజు ఆరు లక్షల మీదే. నెలకి 13,000. మీ బ్యాంకు చెప్పిన 9 శాతం తగ్గే అసలు మీద. నెలకి 12,455. ఐదేళ్ళలో బ్యాంకు వైపే 32,700 మిగులు. షోరూమ్ వాళ్ళ 6 శాతాన్ని బ్యాంకు భాషలోకి మారిస్తే 11కి దగ్గరగా ఉంటుంది. కాబట్టి ఏ లోన్ చెప్పినా శాతం అడగొద్దు. "ఆరు లక్షలు, 60 నెలలు, నెలకి ఎంత? ప్రాసెసింగ్ ఫీజు ఎంత? ముందే తీర్చేస్తే జరిమానా ఎంత?" ఈ మూడే అడగండి. ఏడేళ్ళకి పెంచుకోమని కూడా అంటారు, నెలకి 9,650 అని చూపిస్తారు. చూడ్డానికి తీయగా ఉంటుంది. వడ్డీ మాత్రం అరవై మూడు వేలు పెరుగుతుంది.

మీరు ప్రభుత్వ టీచరు. చాలా కంపెనీలు ప్రభుత్వ ఉద్యోగులకి కార్పొరేట్ డిస్కౌంట్ అని కొన్ని వేలు ఇస్తాయి. అది కంపెనీ ఇచ్చేది, డీలరు జేబులోంచి పోయేది కాదు. అయినా మీరు అడిగేదాకా ఎవరూ చెప్పరు. ఐడీ కార్డు జిరాక్స్ ఇచ్చి, ఈ నెల ఆ స్కీమ్ ఉందా అని అడగండి. ఉంటే ఈ 15,000కి అదనంగా రావాలి, దాన్లో కలిపేయకూడదు. డిస్కౌంటు ఎప్పుడూ డబ్బు రూపంలో, బిల్లులో తీసుకోండి. "20,000 యాక్సెసరీలు ఫ్రీ" అంటే బయట పదివేల సరుకు. మొదటి మూడు సర్వీసులు ఫ్రీ అని కూడా బహుమతిలా చెబుతారు, అవి కంపెనీ అందరికీ ఇచ్చేవే.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఎలా అడగాలి. షోరూమ్‌లో కూర్చుని బేరమాడొద్దు. మీలాంటి మొహమాటస్తులకి అది వాళ్ళ గ్రౌండు. ఏసీ, కూల్‌డ్రింకు, పిల్లలకి బెలూను. పిల్లాడు స్టీరింగ్ పట్టుకుని దిగనని ఏడిస్తే ఏ తల్లి బేరమాడుతుంది? ఇంట్లో కూర్చుని గుంటూరులో ఒకటి, విజయవాడలో రెండు షోరూమ్‌లకి ఫోన్ చేయండి. అదే మోడల్, అదే వేరియంట్. "కారు, ట్యాక్స్, ఇన్సూరెన్స్, ఫీజులు, వారంటీ. ఇంకేమీ వద్దు. మొత్తం ఎంతో వాట్సాప్‌లో లైను లైనుగా పెట్టండి" అని ఒకే మాట అందరికీ. మూడు కాగితాలు వచ్చాక తక్కువున్నది మీకు దగ్గరున్న షోరూమ్‌కి పంపి, "మీరు ఇంతకి ఇస్తే శనివారం వచ్చి బుక్ చేస్తాను" అని రాసి ఫోన్ పక్కన పెట్టేయండి. మళ్ళీ మెసేజ్ పెట్టొద్దు. ఆ మౌనం మీరు చేయగల గొప్ప బేరం. వాళ్ళే చేస్తారు. మొదటి ఫోన్‌కి కాదు, రెండోదానికి.

మీ తమ్ముడి వైపు చూసి మాట్లాడటం గురించి. కొందరు కుర్రాళ్ళకి అదొక అలవాటు, ఎవరి పేరున కారో కూడా కనుక్కోరు. ఈసారి తమ్ముణ్ణి తీసుకెళ్ళండి, కానీ ముందే చెప్పి ఉంచండి, ఏమడిగినా "అక్కనే అడగండి" అన్న రెండు మాటలు తప్ప మూడోది మాట్లాడొద్దని. మూడుసార్లు ఆ మాట వినేసరికి ఆ అబ్బాయి కుర్చీ మీ వైపు తిరుగుతుంది.

ఎప్పుడు కొనాలన్నది మీరు అడగలేదు కానీ చెప్పాలి. దసరా, దీపావళి రద్దీ అయిపోయింది. డిసెంబర్ మధ్యలో ధనుర్మాసం మొదలైతే మన వైపు చాలామంది బండి ఇంటికి తెచ్చుకోరు. అదే సమయానికి ఏడాది చివర స్టాకు వదిలించుకోవాలని డీలర్లకి తొందర. ఆషాఢంలో కూడా ఇదే కథ, జనం ఉండరు, ఆఫర్లుంటాయి. మీకు పట్టింపు లేకపోతే డిసెంబర్ చివరి వారం మంచి బేరం. అత్తగారికి పట్టింపు ఉంటే ధనుర్మాసం రాకముందే తెచ్చుకోండి, ఆవిడని నొప్పించి మిగుల్చుకునే పదివేలు పదివేలు కాదు. "జనవరి నుంచి రేట్లు పెరుగుతాయి" అని తొందరపెడతారు. చాలా కంపెనీలు పెంచుతాయి కూడా, అది పూర్తి అబద్ధం కాదు. కానీ డిసెంబర్‌లో కొన్న కారు పది రోజులకే లెక్కలో పోయినేటి కారు అయిపోతుంది. నాలుగేళ్ళకి అమ్మేసేవాళ్ళకి అది నష్టం. మీరు ఎనిమిదేళ్ళు ఉంచుకుంటే పట్టించుకోకండి. అయితే ఆ సాకు చూపించి ఇంకో ఐదారు వేలు అడగండి.

చీటీ డబ్బు ఇంట్లో నోట్ల రూపంలో ఉంటే ముందు బ్యాంకులో వేయండి. ఒక కొనుగోలుకి రెండు లక్షలు, అంతకుమించి నగదుగా తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. బుకింగ్ డబ్బు డీలరు సంస్థ ఖాతాకే పంపండి, ఆ అబ్బాయి ఫోన్ నంబరుకి ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, వాడు ఎంత మంచివాడైనా సరే. నేను పనిచేసిన చోటే ఒకడు ఎనిమిదిమంది బుకింగ్ డబ్బు వాడేసుకుని కనబడకుండా పోయాడు, రెండు నెలలు మా కౌంటర్ ముందు రోజూ గొడవే. రసీదు మీద మోడల్, రంగు, చివరి ధర, రద్దు చేసుకుంటే ఎంత వెనక్కిస్తారు అన్నవి ఉండాలి. మీ కారు పది లక్షల లోపు కాబట్టి టీసీఎస్ (అమ్మేవాళ్ళే వసూలు చేసి కట్టే ఆదాయపు పన్ను) అని ఒక శాతం అడిగితే అది మీకు వర్తించదు.

మిగతా డబ్బు కట్టే ముందు రోజు కారుని చూస్తానని పట్టుబట్టండి. రాత్రి కాదు, పగటి వెలుతురులో. షాసీ నంబరు రాసుకుని, బిల్లులో అదే ఉందో చూడండి. తయారైన నెల, సంవత్సరం అడగండి, ఆర్‌సీలో కూడా అదే వస్తుంది. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. 3225 అంటే 2025లో 32వ వారం. నాలుగు టైర్లూ, స్టెప్నీ చూడండి. కారు సెప్టెంబర్‌దని చెప్పి టైరు పోయిన సంవత్సరానిదైతే ఎందుకో అడగండి. రీడింగు పాతికో ముప్ఫయ్యో కిలోమీటర్లుంటే సరే, మూడొందలుంటే అది ఎవరెవరో టెస్ట్ డ్రైవ్ చేసిన బండి. తీసుకోవద్దు. అంతా చూశాకే బ్యాంకు వాళ్ళని డబ్బు పంపమనండి. ఒకసారి డబ్బు వెళ్ళాక మీ మాటకి బరువు సగం తగ్గుతుంది. అప్పటికీ ఏదైనా తేడా చేస్తే 1915కి ఫోన్ చేయండి, వినియోగదారుల హెల్ప్‌లైన్. ఆ నంబరు మీకు తెలుసన్న సంగతి మాటల్లో ఒకసారి దొర్లించినా చాలాసార్లు పని అయిపోతుంది.

డెలివరీ అయ్యాక కంపెనీ నుంచి మీకు ఫోన్ వస్తుంది, షోరూమ్ సేవ ఎలా ఉందో మార్కులు వేయమని. "పదికి పది ఇవ్వండి మేడమ్" అని ఆ అబ్బాయి ముందే బతిమాలతాడు, తొమ్మిదిస్తే అతనికి నిజంగానే ఇబ్బంది. మ్యాట్లు, మడ్ ఫ్లాప్స్, ఐదు లీటర్ల పెట్రోలు లాంటివి అడగాల్సింది అప్పుడే. నవ్వుతూ అడగండి, మార్కులు వేయడం మీకు కొత్తేమీ కాదు కదా.

డెలివరీ రోజున కొబ్బరికాయ, నిమ్మకాయలు, ఫొటోలు, కేకు, అంతా హడావిడిగా ఉంటుంది. ఆ సందడిలో రెండో తాళం చెవి డ్రాయర్లోనే ఉండిపోతుంది. నిమ్మకాయల మీద టైరు ఎక్కించకముందే అది అడిగి తీసుకుని బ్యాగులో వేసుకోండి.